ఖోలీ నుంచి నలభై అంతస్తుల దాకా: గిరణ్‌గావ్‌లో మన వాడల కథ

2025 ఆగస్టు 14న వర్లీ బీడీడీ చాళ్ల వాళ్లకు మొదటి విడతగా 556 ఇళ్ల తాళంచెవులు ఇచ్చారు. 160 చదరపు అడుగుల ఒంటి గది పోయి, 500 చదరపు అడుగుల రెండు పడగ్గదుల ఫ్లాటు వచ్చింది. నలభై అంతస్తుల భవనం, లిఫ్టు, ఇంట్లోనే స్నానాలగది, మరుగుదొడ్డి. ఫ్లాటు కోసం కిరాయిదారు తన జేబులోంచి పెట్టాల్సింది ఏమీ లేదు. ఆ వారమంతా మా చుట్టాల ఫోన్లు ఆగలేదు.

ఫోన్లు రెండు రకాలు. అక్కడే ఉన్నవాళ్లు "ఇల్లు వచ్చింది, ఒకసారి వచ్చి చూసి పోండి" అన్నారు. ఎప్పుడో చాళ్ వదిలి డోంబివలీకో, భివండీకో, హైదరాబాదుకో పోయినవాళ్లు "అయ్యో, మన చాళ్ పోతుందా" అని నిట్టూర్చారు. మా ఇంటివాళ్లు 80లలోనే వర్లీ వదిలారు గనక మేము రెండో రకంలోకే వస్తాం. అందుకే ఈ వ్యాసం కొంచెం జాగ్రత్తగా రాస్తున్నాం. పొద్దున్నే డబ్బా పట్టుకుని ఇరవై ఇళ్లవాళ్లతో పాటు మరుగుదొడ్డి ముందు వరసలో నిలబడే పని లేనివాళ్లకు చాళ్ మీద ప్రేమ సులువుగా పుడుతుంది.

అయినా అడగాల్సిన మాట ఒకటుంది. ఎత్తైన ఇళ్లు రావాలి, సరే. ఆ వాడలో నిలబెట్టుకోవాల్సింది ఏదైనా ఉండిందా? ఉంటే, దాన్ని నిలబెట్టుకునే అవకాశం ఎప్పుడు వచ్చింది, ఎట్లా పోయింది? చాలామంది 2025లో పోయిందంటారు. మా లెక్క ప్రకారం అది 2001లోనే పోయింది. అదెట్లాగో చెప్పాలంటే ముందు మనవాళ్లు ఈ ఊరికి ఎందుకొచ్చారో చెప్పాలి.

కామాఠీలు, సాంచెలు

బొంబాయిలో తెలుగువాళ్ల గుర్తు పేరులోనే మోస్తున్న పేట కామాఠీపురా. ద్వీపాల మధ్యకు వచ్చే సముద్రపు నీటిని 18వ శతాబ్దం చివర కట్ట వేసి ఆపాక, మెల్లమెల్లగా మెరక చేసిన పల్లపు నేల అది. నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చిన మనవాళ్లను ఇక్కడ కామాఠీలు అనేవాళ్లు. రాయి మోయడం, సున్నం కలపడం, రోడ్లు వేయడం, గోడలు లేపడం వాళ్ల పని. ఈ ఊళ్ళో పర్యాటకులు ఫోటోలు తీసుకునే రాతి భవనాల వెనక వాళ్ల రెక్కల కష్టం ఉంది. బయటివాళ్లకు కామాఠీపురా అనగానే ఒకే వృత్తి గుర్తొస్తుంది, ఏం చేస్తాం. అదే పేటలో మేస్త్రీలు, గుత్తేదార్లు, చదువు కోసం తపించిన పెద్దలు ఉండేవాళ్లని చెప్పే పుస్తకాలు తక్కువ. జోతిరావు ఫూలే సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలబడినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు కాళేవార్ వంటి తెలుగువాళ్లు ముందు వరసలో ఉన్నారు. 1888లో ఫూలేను 'మహాత్మా' అని సన్మానించింది కూడా ఈ బొంబాయిలోనే.

కామాఠీల తర్వాత వచ్చిన పెద్ద కెరటం నేతవాళ్లది. మా వాళ్లు అందులో వాళ్లు. 1854లో కావస్‌జీ దావర్ తాడ్‌దేవ్‌లో మొదటి నూలు మిల్లుకు పునాది వేశాక, పరేల్, లాల్‌బాగ్, వర్లీ, నాయ్‌గావ్ దాకా పొగగొట్టాలు లేచాయి. మరాఠీలో ఆ ప్రాంతాన్ని గిరణ్‌గావ్ అంటారు, అంటే మిల్లుల ఊరు. మిల్లు బట్ట కరీంనగర్, నల్లగొండ, వరంగల్ పల్లెలకు చేరి ఇంటి మగ్గాన్ని మూలకు నెట్టింది. మగ్గం ఆగినవాడు అదే మిల్లులో సాంచె నడపడానికి బొంబాయి బండెక్కాడు. తన అన్నం తీసిన యంత్రం దగ్గరికే అన్నం వెతుక్కుంటూ వచ్చాడన్న మాట. మా తాత అట్లాగే వచ్చాడు. మొదట బద్లీ, అంటే ఎవరైనా రాకపోతే వాళ్ల బదులు పని. తెల్లవారకముందే మిల్లు గేటు దగ్గర నిలబడితే ముకాదం చూపు ఎవరి మీద పడితే వాళ్లకు ఆ రోజు కూలి. సాంచె ఖాతాలో పర్మనెంటు కావడానికి ఏళ్లు పట్టేది.

చాళ్ అంటే ఏమిటి

1896లో ప్లేగు వచ్చి జనం పిట్టల్లా రాలిపోయాక, 1898లో ప్రభుత్వం ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి మురికివాడలు కొట్టేసి కొన్ని చాళ్లు కట్టింది. పరేల్‌లో అంబేడ్కర్ ఏళ్ల తరబడి ఉన్నది అట్లాంటి చాళ్ళోనే. తర్వాత గవర్నర్ జార్జి లాయిడ్ కాలంలో, 1920లో, బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వచ్చింది. బీడీడీ అంటే అదే. కార్మికులకు 50,000 గదులు కట్టాలని వాళ్ల ప్రణాళిక. డబ్బు కోసం ఊళ్ళోకి వచ్చే పత్తి మీద బేలుకు ఒక రూపాయి సుంకం వేశారు. చివరికి తేలింది 207 చాళ్లు: వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, సివ్డీలో 12. కింది అంతస్తు, పైన మూడు. అంతస్తుకు 20 గదులు, చాళ్‌కు 80. మొత్తం పదహారు వేల అయిదు వందల పైచిలుకు గదులు.

ఇందులో ఒక తమాషా ఉంది. కట్టిన కొత్తలో ఈ గదుల్లోకి రమ్మంటే కార్మికులు రాలేదు. మిల్లుకు దూరం, కిరాయి ఎక్కువ. వర్లీ చాళ్లు ఎంత ఖాళీగా ఉన్నాయంటే, 1930 ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టయినవాళ్లను పెట్టడానికి జైళ్లు చాలకపోతే ఇక్కడ పెట్టారు. అంటే ఈ రోజు మనం వారసత్వం అంటున్న ఇళ్లు, కట్టిన పదేళ్లలోపే జైలుగా పనికొచ్చాయి. వీటిని చూసి ఏ వాస్తుశిల్పీ మురిసిపోలేదు. అందం కోసం కట్టినవి కావవి.

మరి వీటిలో చరిత్ర ఎక్కడుంది? చాళ్ మధ్యలో పొడుగ్గా ఒక నడవ, దానికి అటూ ఇటూ గదులు, మరుగుదొడ్లు అందరికీ కలిపి. గది మూలన మోరి, అందులోనే స్నానం, అందులోనే గిన్నెలు. పది మంది ఉన్న గది వింత కాదు. ఎందుకంటే పది మందీ ఒకేసారి ఇంట్లో ఉండరు. మొదటి పాళీ వాడు లేచి పోతే మూడో పాళీ వాడు వచ్చి అదే చాప మీద పడుకుంటాడు. భోంగా కూస్తే పిల్లలకు బడి టైమ్ తెలిసేది. ఎండాకాలం మగవాళ్లు నడవలోనో, చాళ్ల మధ్య ఖాళీలోనో, జాంబోరీ మైదానంలోనో పడుకునేవాళ్లు. కాబట్టి గది 160 అడుగులే గానీ, ఇల్లు అంతకంటే చాలా పెద్దది. నడవ కూడా ఇల్లే, మెట్లూ ఇల్లే, మైదానమూ ఇల్లే. ఊరి నుంచి ఎవరొచ్చినా దిగడానికి ఊరివాళ్లంతా చందాలు వేసుకుని పెట్టుకున్న ఒక ఖోలీ ఉండేది. గణపతి ముందు మరాఠీ భజన, రెండు చాళ్లు దాటితే మన మార్కండేయ జయంతి, దసరా ముందు ఆడవాళ్ల బతుకమ్మ. ముంబై మునిసిపాలిటీ ఎనిమిది భాషల్లో బడులు నడిపిందంటే, అందులో తెలుగు ఒకటైందంటే, ఈ చాళ్ల పిల్లల వల్లే.

అంతా తియ్యగా చెప్పడం మాకిష్టం లేదు. 1974 జనవరిలో దళిత్ పాంథర్స్ సభ దగ్గర మొదలైన గొడవ వర్లీ చాళ్లను నెలల తరబడి కొట్లాటల్లో ముంచింది. పక్కపక్క చాళ్ల వాళ్లే ఒకరి మీద ఒకరు రాళ్లు వేసుకున్నారు. నడవ అందరినీ కలిపిందని అంటాం గానీ, కులం ఆ నడవలో కూడా కాపురం ఉండింది. వారసత్వం అన్నప్పుడు ఇది కూడా లెక్కలోకి రావాలి.

ఒక్క మాట మారితే ఎన్ని ఎకరాలు

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ సమ్మె ముగిసిందని ఇప్పటికీ ఎవరూ ప్రకటించలేదు. సాంచెలు మాత్రం ఆగిపోయాయి. మనవాళ్లు కొందరు భివండీ పవర్‌లూములకు, కొందరు సూరత్‌కు, కొందరు తిరిగి సిరిసిల్లకు పోయారు. ఇక్కడ ఉన్నవాళ్లు సెక్యూరిటీ గార్డులయ్యారు, కూరగాయల బండ్లు పెట్టుకున్నారు, ఆడవాళ్లు డబ్బాలు కట్టి ఇళ్లు నడిపారు. తక్కువ కిరాయి ఖోలీ ఉండబట్టే వాళ్లు ఈ ఊళ్ళో నిలిచారు.

మిల్లులు ఆగాక మిగిలింది నేల. నగరం నడిబొడ్డున, రైలు స్టేషన్ల పక్కన, అటూ ఇటూ 600 ఎకరాలు. దీని మీద 1991 డెవలప్‌మెంట్ కంట్రోల్ నియమావళిలో 58వ నియమం వచ్చింది. దాని సారం చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. మిల్లు యజమాని తన నేలను వేరే పనికి వాడుకోదలిస్తే, ఇంచుమించు మూడో వంతు మునిసిపాలిటీకి తోటలు, మైదానాల కోసం ఇవ్వాలి. మూడో వంతు మ్హాడాకు, అంటే రాష్ట్ర గృహనిర్మాణ సంస్థకు, సామాన్యుల ఇళ్ల కోసం ఇవ్వాలి. మిగతా మూడో వంతు తను అమ్ముకోవచ్చు. ఎత్తైన కట్టడానికి, పాత వాడకు మధ్య ఈ నగరం ఎప్పుడైనా న్యాయమైన ఒప్పందం రాసుకుందంటే అది ఇదే. 1996లో చార్లెస్ కొరియా కమిటీ ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వ మిల్లుల నేలలను దేనికదిగా చూడొద్దు, కలిపి ఆలోచించండి అని చెప్పింది. కలిపితే దారులు పడతాయి, మైదానాలు పడతాయి.

2001లో ఆ నియమాన్ని సవరించారు. పెద్దగా గొడవ లేకుండా, ఒక్క మాట అర్థం మార్చారు. పంచాల్సింది మొత్తం మిల్లు నేలను కాదు, 'ఖాళీ నేల'ను మాత్రమే అన్నారు. ఖాళీ నేల అంటే అప్పటికే ఏమీ కట్టకుండా ఉన్న జాగా. షెడ్లు కూల్చాక బయటపడే నేల లెక్కలోకి రాదు. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. తొమ్మిది ఎకరాల మిల్లు, అందులో ఎకరంన్నర తప్ప అంతా షెడ్లే అనుకోండి. 1991 లెక్కన తోటకు మూడు, ఇళ్లకు మూడు, యజమానికి మూడు. 2001 లెక్కన ఆ ఎకరంన్నరనే పంచాలి కాబట్టి తోటకు అర, ఇళ్లకు అర, యజమానికి ఎనిమిది. మిల్లు అంటేనే షెడ్లు. మిల్లు ఆవరణలో ఖాళీ ఎంత ఉంటుంది?

పర్యావరణ సంస్థలు కోర్టుకు పోయాయి. 2005 అక్టోబరులో బొంబాయి హైకోర్టు, కూల్చాక తేలే నేల కూడా ఖాళీ నేలే అంది. 2006 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి 2001 సవరణనే నిలబెట్టింది. ఈలోగా 2005లో ప్రభుత్వ మిల్లుల వేలం అయిపోయింది. ముంబై టెక్స్‌టైల్ మిల్స్ ఒక్కటే 702 కోట్లకు, కోహినూర్ మూడో నంబరు మిల్లు 421 కోట్లకు పోయాయి. మిల్లు కార్మికుల ఇళ్లకు 2012లో మొదటి లాటరీ తీస్తే ఉన్నవి 6,925 ఇళ్లు, అడిగినవాళ్లు లక్షన్నరకు దగ్గర. ఒక్కో ఇల్లు 225 చదరపు అడుగులు.

మేము 2001 అన్నది ఇందుకే. వాడ మధ్యలో ఇళ్లకు, మైదానాలకు ఒక్కో మూడో వంతు మిగిలి ఉంటే, పాత చాళ్ల వాళ్లను కొంత అటు జరిపి, నడిమి ఎత్తు ఇళ్లు కట్టి, కొన్ని చాళ్లను మరమ్మతు చేసి నిలుపుకునే వీలు ఉండేది. నేల పోయాక మిగిలిన దారి ఒక్కటే, ఆకాశం.

కాపాడిన వాటి జాబితా

ముంబైలో వారసత్వ చట్టం లేక కాదు. 1995లోనే వారసత్వ నిబంధనలు వచ్చాయి, దేశంలో మరే నగరమూ అప్పటికి అంత పని చేయలేదు. కానీ ఆ జాబితాలో బరువంతా ఫోర్టు వైపు ఉంది. 2004లో విక్టోరియా టెర్మినస్, 2018లో ఓవల్ మైదానం చుట్టూ ఉన్న విక్టోరియన్, ఆర్ట్ డెకో భవనాలు యునెస్కో జాబితాకెక్కాయి. మంచిదే, అవి కట్టింది మనవాళ్ల చేతులే కాబట్టి మాకూ గర్వమే. కానీ ఆ భవనాలకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? పత్తి నుంచి, మిల్లు నుంచి. డబ్బు ఖర్చు పెట్టిన చోటు వారసత్వమైంది. డబ్బు పుట్టిన చోటు 'డెవలప్‌మెంటుకు అనువైన నేల' అయింది.

మిల్లుల విషయంలో కాపాడటం అంటే ఏమైందో కూడా చూశాం. ఒక మాల్ మధ్యలో అలంకారంగా పొగగొట్టం. పాత షెడ్డు గోడలు ఉంచి లోపల హోటళ్లు, ఆఫీసులు. 2017 డిసెంబరులో కమలా మిల్స్ ఆవరణలో మిద్దె మీది పబ్బులో మంటలు లేచి 14 మంది చనిపోయారు. మిల్లు చరిత్రను చెప్పే మ్యూజియం ఒకటి కాలాచౌకీలో ఇండియా యునైటెడ్ మిల్స్ ఆవరణలో కట్టాలని మునిసిపాలిటీ ఏళ్లుగా పని చేస్తోంది. మిల్లు మనుషుల మాటలు కావాలంటే మాత్రం ప్రస్తుతానికి నీరా ఆడార్కర్, మీనా మేనన్ కలిసి తెచ్చిన 2004 నాటి పుస్తకమే దిక్కు. అందులో కార్మికులు తమ గొంతుతో తామే మాట్లాడతారు.

జాబితాలోకి ఎక్కడం కూడా అందరికీ వరం కాదు. 2012లో కొత్త జాబితా ప్రతిపాదించినప్పుడు శివాజీ పార్కు చుట్టుపక్కల ఇళ్లవాళ్లే మాకొద్దు అని గొడవ చేశారు. పాత ఇల్లు కూలితే మళ్లీ కట్టుకునేందుకు అడ్డం వస్తుందని వాళ్ల భయం. ఆ భయాన్ని మేము తేలిగ్గా కొట్టేయం. చెమ్మ పట్టి పెచ్చులూడే గోడకు వారసత్వం పలక తగిలిస్తే, పెచ్చు పడేది పలక రాసినాయన నెత్తి మీద కాదు.

వర్లీలో ఏం జరిగింది

బీడీడీ చాళ్ల నేల ప్రభుత్వానిది. పథకం నడిపేది మ్హాడా. ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ సంగతి ఒక్క ముక్కలో చెప్పాలి, లేకపోతే అంకెలు అర్థం కావు. వంద గజాల జాగాలో అన్ని అంతస్తులూ కలిపి ఎన్ని గజాలు కట్టొచ్చు అన్నదే ఎఫ్‌ఎస్‌ఐ. 1991 నాటికి పాత ముంబైలో మామూలు ఇంటికి అది 1.33, అంటే 133 గజాలు. బీడీడీ పథకానికి 4 ఇచ్చారు. కొంత నేల మీద పాత కిరాయిదార్లకు ఉచితంగా ఎత్తైన భవనాలు, మిగతా నేల మీద అమ్మకానికి భవనాలు. రెండో దాని డబ్బుతో మొదటిది లేస్తుంది. లెక్క ఇంతే. మైదానం వెడల్పును బట్టి కాదు, అమ్మకం తూకాన్ని బట్టి ఎత్తు తేలుతుంది.

దీన్ని తప్పు పట్టాలా? దాదాపు వందేళ్ల కాంక్రీటు, లోపల ఇనుము తుప్పు, ప్రతి వానాకాలం భయం. అట్లాంటి చోట ఉన్న మనిషికి అదే వాడలో, అదే మైదానం పక్కన మూడింతల ఇల్లు వచ్చింది. ఊరి చివరకు తరిమేయలేదు. మిల్లు కార్మికులకు దొరకనిది చాళ్ల వాళ్లకు దొరికింది. ముంబైలో ఇది చిన్న విషయం కాదు, మేము మనస్ఫూర్తిగా సంతోషించాం. ఇదే బీడీడీ కట్టిన సివ్డీ 12 చాళ్లు పోర్టు ట్రస్టు నేల మీద ఉండటంతో మొదట ఈ పథకంలోకే రాలేదు. అక్కడివాళ్లను అడగండి, వారసత్వం గురించి ఏమంటారో.

మా పేచీ ఎత్తుతో కాదు, గీసిన నక్షాతో. నలభై అంతస్తులు కట్టినా నడవను వదలాల్సిన పని లేదు. కొన్ని అంతస్తులకొకటి చొప్పున గాలీ వెలుతురూ వచ్చే పెద్ద వసారా పెట్టొచ్చు, పిల్లలు ఆడుకునేది, ముసలివాళ్లు కూర్చునేది. లిఫ్టు ముందు మూసిన నాలుగు తలుపుల జాగా ఆ పని చేయదు. నేల అంతస్తులో సంఘాలకు, భజన మండళ్లకు, వ్యాయామశాలలకు, ఖాణావళ్ నడిపే ఆడవాళ్లకు గదులు ఉండాలి. ఒక చాళ్‌ను అట్లాగే ఉంచి మ్యూజియం చేయాలన్న మాట వినబడుతూనే ఉంది. చేస్తే చాలా మంచిది. కానీ మ్యూజియం ఖోలీలో సర్దిపెట్టిన ఇత్తడి బిందె కంటే, మా మేనత్త పైఅంతస్తు నుంచి దిగకుండానే పక్కింటావిడతో మాట్లాడే చోటు ఉండటం మాకు ముఖ్యం. ఇంకొకటి, ఇల్లు ఉచితమే గానీ లిఫ్టు, మోటారు, కాపలా ఉచితం కాదు. నెలనెలా మెయింటెనెన్సు కట్టలేక పిల్లలు ఇల్లు కిరాయికిచ్చి విరార్ పోతే, వాడ మళ్లీ వాడగా మిగలదు.

కామాఠీపురాకు ఇంకా టైముంది

ఇప్పుడు వంతు కామాఠీపురాది. అక్కడి కథ వర్లీ లాంటిది కాదు. నేల ఒక్కరిది కాదు. చిన్నచిన్న ప్లాట్లు, వేరువేరు యజమానులు, తరతరాల పగ్డీ కిరాయిదార్లు. 1947 కిరాయి చట్టంతో అద్దెలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పది ఇరవై రూపాయల కిరాయికి యజమాని మరమ్మతు చేయడు, కిరాయిదారు తనది కాని గోడకు డబ్బు పెట్టడు. ఇళ్లు కూలడం మొదలయ్యాక 1969లో ప్రభుత్వం మరమ్మతు బోర్డు పెట్టి, పాత ఇళ్ల మీద సెస్సు వేసింది. అప్పట్లో అట్లాంటి సెస్సు ఇళ్లు 19,642. వీటిని ఒక్కొక్కటిగా కట్టబోతే సన్నటి ప్లాటు మీద సన్నటి టవరు లేస్తుంది, గల్లీలోకి ఫైరింజను రాదు. అందుకే కామాఠీపురాను మొత్తంగా ఒకే క్లస్టరుగా తీసుకుని మ్హాడా చేత కట్టించాలన్నది ఇప్పటి ఆలోచన. ఆ ఆలోచన సబబే.

కానీ క్లస్టరు అంటే పలక తుడిచినట్టు తుడవడం కాకూడదు. కామాఠీపురాలో కాపాడాల్సిన ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాపాడాల్సింది గల్లీల వరస. నంబర్లు వేసి, ఒకదాని పక్క ఒకటి నిలబెట్టిన ఆ గల్లీలే మన కామాఠీలు ఈ ఊరి నేల మీద గీసిన గీత. ఇళ్లు ఎంత ఎత్తు లేచినా, గల్లీ గల్లీగా ఉంటే, కింది దుకాణాలు రోడ్డు వైపే తెరుచుకుంటే, గుడి ఉన్నచోటే ఉంటే, ఆ పేట ఏదో తర్వాతి తరం గుర్తు పడుతుంది. గల్లీలు చెరిపేసి మధ్యలో కార్ల పార్కింగు మీద తోట పెట్టి చుట్టూ గోడ కడితే, కామాఠీపురా అన్నది ప్రాజెక్టు పేరవుతుంది, లేదా ఆ పేరు కూడా అమ్మకానికి అడ్డమని మార్చేస్తారు.

నక్షాలు ఖరారయ్యేలోపు మనవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది, అది కాగితాల పని. కిరాయి రసీదులు, పాత రేషన్ కార్డులు, కరెంటు బిల్లులు అందరూ జాగ్రత్తగానే పెట్టుకుంటారు, ఫ్లాటు వాటి మీదే వస్తుంది కాబట్టి. సంఘాల సంగతే ఎవరూ పట్టించుకోవడం లేదు. ఊరి ఖోలీ, కుల సంఘం ఖోలీ, భజన మండలి ఖోలీ, ఇవన్నీ చాలాచోట్ల ఎవరో ఒక పెద్దమనిషి పేరు మీద కిరాయికి తీసుకున్నవి. చందా అందరిది, రసీదు మీద పేరు ఒక్కరిది. సర్వే చేసేవాళ్లు రసీదు చూస్తారు. ఆ పెద్దమనిషి మనవడికి ఫ్లాటు వస్తుంది, సంఘానికి ఏమీ రాదు. మనవణ్ణి తప్పు పట్టలేం, కాగితం ప్రకారం అది అతనిదే.

మా ఊరివాళ్ల ఖోలీ విషయంలో అదే జరిగింది. పెళ్లిళ్లకు, పండుగలకు వాడే రెండు పెద్ద గంగాళాలు, ఒక జంపఖానా, హార్మోనియం, 1960ల నుంచి ఉన్న చందా పుస్తకాలు అందులో ఉండేవి. చందా పుస్తకాలు తెలుగులో, చక్కటి దస్తూరితో, ఎవరు ఏ మిల్లులో ఏ ఖాతాలో పని చేసేవాడో పక్కనే రాసి ఉన్నాయి. గంగాళాలు ఎవరింట్లోనూ పట్టక ఊరి గుడికి పంపించారు. హార్మోనియం ఎటు పోయిందో తెలియదు. పుస్తకాలు తెచ్చుకుని ఒక్కొక్క పేజీ ఫోటో తీస్తున్నాం. ఇప్పటికి రెండు పుస్తకాలయ్యాయి. మీ తాతలది కరీంనగర్ వైపయితే, వర్లీలోనో నాయ్‌గావ్‌లోనో ఉండి ఉంటే, ఊరి పేరు, ఇంటి పేరు రాసి పంపండి, వెతికి చెబుతాం.